కోడి పేగుల్లో పేరు లేని బ్యాక్టీరియా: మీ ప్రశ్నలు, నా జవాబులు

కోడి కడుపులో ఉండే బ్యాక్టీరియాలో చాలా వాటికి ఇంకా పేరే పెట్టలేదని పోయిన నెల ఇదే పేజీలో ఒక్క లైను రాశాను, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నా, మిగతా వాళ్ళ ప్రశ్నలకి కూడా వీటిలోనే చాలావరకు జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది తణుకు దగ్గర లేయర్ ఫారం, 12 వేల కోళ్ళు. గుడ్లు కొంచెం తగ్గాయని, కొన్ని రెట్టలు జిగటగా, ముదురు గోధుమ రంగులో, కంపుగా ఉన్నాయని రెట్ట శాంపిల్ ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పంపించాను. రిపోర్టులో పెద్ద లిస్టు వచ్చింది, అందులో చాలా చోట్ల ‘అన్‌క్లాసిఫైడ్’, ‘అన్‌కల్చర్డ్ బ్యాక్టీరియం’ అని ఉంది. మా కోళ్ళకి ఏదో కొత్త జబ్బు వచ్చిందా? యాంటీబయాటిక్ వెయ్యమంటారా?

జవాబు: ముందు మందు సంగతి చెప్తా. వెయ్యొద్దండి. ఆ రిపోర్టు చూసి మాత్రం అస్సలు వెయ్యొద్దు.

వాళ్ళు చేసిందేంటంటే రెట్టలోంచి డీఎన్ఏ తీసి, అందులో 16ఎస్ అనే జీన్‌లో ఒక ముక్క చదివి, కంప్యూటర్లో ఉన్న లిస్టుతో పోల్చారు, కొన్ని ముక్కలకి సరిపోయే పేరు ఆ లిస్టులో దొరకలేదు, అంతే. మీ ఊళ్ళో ఎప్పుడో నలభై ఏళ్ళ కింద రాసిన ఓటర్ల లిస్టు పట్టుకుని ఇవాళ ఇంటింటికీ తిరిగితే సగం మంది పేర్లు అందులో కనపడవు, అంతమాత్రాన వాళ్ళంతా నిన్న రాత్రి ఊళ్ళోకి వచ్చిన దొంగలు అనుకోం కదా. ఇదీ అంతే, అవి ఎప్పట్నించో అక్కడే కాపురం ఉన్నాయి, రాసుకోనిది మనమే.

కోడిని కోసేటప్పుడు మీరు చూసే ఉంటారు, చిన్నపేగు అయిపోయే చోట రెండు పక్కలా రెండు గుడ్డి పేగులు వేలాడుతుంటాయి, ఒక వైపు మూసుకుపోయిన సంచుల్లాగా, సీకా అంటాం వాటిని. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడున్న పదార్థం ఒక్క గ్రాము తీస్తే అందులో 1000 కోట్ల నుంచి 10,000 కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం గాలి తగిలితే బతకనివి. కోడికి అరగని పీచుని ఇవి పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ యాసిడ్లు చేసి పెడతాయి, ఆ బ్యుటిరిక్ యాసిడ్ పేగు గోడ కణాలకి తిండి. అంటే మీ రిపోర్టులో పేరు లేకుండా ఉన్న వాటిలో ఎక్కువ మంది మీ కోళ్ళకి పనివాళ్ళు, మీరు యాంటీబయాటిక్ వేస్తే ముందు పోయేది వాళ్ళే.

ఇంకోటి, పేరు ఉన్నంత మాత్రాన కూడా తీర్పు అయిపోదు. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే దాన్నే తీసుకోండి, నెక్రోటిక్ ఎంటరైటిస్ అనే పేగు కుళ్ళే జబ్బు తెచ్చేది అదే, కానీ మామూలుగా తిరిగే ఆరోగ్యమైన కోడి పేగులో కూడా అది కొద్దిగా ఉంటుంది. 2008లో ఆస్ట్రేలియా వాళ్ళు నెట్‌బి అనే టాక్సిన్‌ని కనిపెట్టాక అర్థమైంది, అదే పేరున్న బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ఈ విషం చేస్తాయి, కొన్ని చెయ్యవు అని.

మీరు చెయ్యాల్సింది: రెట్ట జిగటగా, ముదురు గోధుమ రంగులో, కంపుగా ఉందని రాశారు, ఎనిమిది పది రెట్టలకి ఒకటి అలా వస్తే అది సీకా నుంచి వచ్చేదే, మామూలే. రక్తం కనపడితే మాత్రం కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి ఉందేమో చూడాలి. మీ పశువైద్యాధికారిని పిలిచి అప్పుడే చనిపోయిన కోడి ఒకటి ఉంటే కోసి చూపించండి, దాంతో పాటు నీళ్ళు, ఫీడు, షెడ్డులో లైటు ఎన్ని గంటలు ఉంటోంది, ఎండ ఎంత ఉంది ఇవన్నీ చూడమనండి. గుడ్లు కొంచెం తగ్గడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం అక్కడే దొరికింది.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నా. ప్రాజెక్టులో నాటుకోడి సీకా నుంచి ఒక బ్యాక్టీరియా పెంచాను, గాలి లేకుండా జార్‌లోనే పెరుగుతోంది. 16ఎస్ సీక్వెన్స్ చేయిస్తే దగ్గరి జాతితో 96.8 శాతమే కలిసింది. మా ఫ్రెండ్స్ అందరూ కొత్త జాతి కనిపెట్టేశావ్ అంటున్నారు. నిజమేనా? దానికి మా నాయనమ్మ పేరు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ఈ రోజుల్లో అందరూ డీఎన్ఏ చదివి వదిలేస్తున్నారు, నువ్వు దాన్ని బతికించి పెంచావు, అసలు కష్టం అదే. కానీ కొత్త జాతి అనే మాట ఇంకా అనకు. నువ్వున్నది గుమ్మం దగ్గర, లోపలికి ఇంకా రాలేదు.

మొట్టమొదట చూడాల్సింది అది ఒక్కటేనా, రెండు కలిసి ఉన్నాయా అని. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పేగులో ఈ బ్యాక్టీరియా ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి, ఒకటి వదిలిన యాసిడ్ ఇంకోదానికి భోజనం, అందుకని ప్లేటు మీద గుండ్రంగా ఒకే కాలనీలా కనపడిన దాంట్లో కూడా ఇద్దరు ఉండొచ్చు. నాలుగైదు సార్లు కొత్త ప్లేటు మీద మళ్ళీ మళ్ళీ గీసి, ప్రతిసారీ గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడు, ఒక్క ఫీల్డులో అయినా వేరే ఆకారం కనపడితే మళ్ళీ మొదటికి రా.

నువ్వు వాడేది జార్ కాబట్టి ఒక మాట. ప్లేట్లు జార్‌లో పెట్టేలోపు బల్ల మీద ఉన్న ఆ కొన్ని నిమిషాలు చాలు వీటిలో సున్నితమైనవి చచ్చిపోవడానికి, ఎందుకంటే ఆక్సిజన్ వల్ల పుట్టే విషాలని విరగ్గొట్టే ఎంజైములు వీటికి సరిపడా ఉండవు. మీడియంలో, అంటే బ్యాక్టీరియాకి పెట్టే తిండిలో, రెసజురిన్ అనే రంగు కలుపుతాం కదా, ఆక్సిజన్ లేనంతసేపు దానికి రంగే ఉండదు, కొంచెం తగిలిందంటే గులాబీ రంగు వచ్చేస్తుంది. నా పీహెచ్‌డీ రోజుల్లో పండగ సెలవుల్లో ఛాంబర్‌కి, అంటే ఆక్సిజన్ లేకుండా పనిచేసే పెట్టెకి, గ్యాస్ సిలిండర్ ఖాళీ అయిపోయింది, ఎవరూ చూసుకోలేదు, నేను తిరిగొచ్చేసరికి ట్యూబులన్నీ వరసగా గులాబీ రంగులో ఉన్నాయి, ఆరు నెలల కష్టం. ఆ రంగు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. అందుకని చెప్తున్నా, నీ స్ట్రెయిన్‌ని, అంటే నువ్వు పెంచిన ఆ రకాన్ని, ఇవాళే గ్లిసరాల్‌లో కనీసం పది వయల్స్ చేసి మైనస్ 80లో దాచు, రెండు వేరు వేరు ఫ్రీజర్లలో.

ఛాంబర్ లేదని బాధపడకు. అమెరికాలో రాబర్ట్ హంగేట్ అనే ఆయన ఆవుల కడుపులో బ్యాక్టీరియా కోసం ట్యూబుల పద్ధతి తయారుచేశాడు, 1950లో దాని గురించి వివరంగా రాశాడు, ఇప్పటికీ అదే వాడతాం. మీడియంని మరిగించి ఆక్సిజన్ పోగొట్టి, ఆక్సిజన్ లేని కార్బన్ డయాక్సైడ్ ఊదుతూ, మిగిలిన ఆక్సిజన్‌ని లాగేసే సిస్టీన్ వేసి, రబ్బరు బిరడా బిగిస్తారు, శాంపిల్ ఎక్కించాక ఆ ట్యూబుని ఐస్ మీద దొర్లిస్తే మీడియంని గడ్డకట్టించే అగర్ లోపలి గోడకి దోసె పల్చగా పరుచుకున్నట్టు పరుచుకుని గడ్డకడుతుంది, కాలనీలు ఆ గోడ మీదే వస్తాయి. ట్యూబు, సూది, సిలిండర్ ఉంటే చాలు. ఇంక్యుబేటర్ 37 దగ్గరే కాకుండా 41, 42 దగ్గర కూడా పెట్టి చూడు, కోడి ఒంటి వేడి అంత ఉంటుంది. మీడియంలో హీమిన్, విటమిన్ కె వేశావా? బ్యాక్టీరాయిడ్స్ అనే పేగు బ్యాక్టీరియా చుట్టాలకి అవి లేకపోతే కష్టం.

ఇప్పుడు ఆ 96.8 సంగతి. ముందు ఎన్ని బేసులు, అంటే డీఎన్ఏ అక్షరాలు, చదివించావో చూసుకో. 16ఎస్ మొత్తం దాదాపు 1500 బేసులు ఉంటుంది, నాలుగైదు వందల బేసుల ముక్కతో వచ్చిన శాతాన్ని నమ్ముకోకూడదు. పోల్చేది కూడా టైప్ స్ట్రెయిన్లతోనే, అంటే ఆ జాతికి అధికారికంగా నమూనాగా పెట్టిన దానితోనే, డేటాబేస్‌లో పైన కనపడే పేరులేని ముక్కలతో కాదు. పూర్తి జీన్ మీద కూడా 96.8 వస్తే అప్పుడు నిజంగానే ఆశ ఉంది, 98.7 కంటే తక్కువ ఉంటే వేరే జాతి అయ్యుండొచ్చని అందరూ ఒప్పుకుంటారు, 94.5 కంటే కింద అయితే జీనస్, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు, కూడా వేరేదేమో అని చూస్తారు. 98.7 దాటినంత మాత్రాన పాతదే అని కూడా కాదు, ఈ జీన్ చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి అన్నదమ్ముల మధ్య తేడా దీనికి తెలియదు.

అందుకే మొత్తం జీనోమ్, అంటే దాని డీఎన్ఏ అంతా, చదివించాలి. దగ్గరి చుట్టాల జీనోమ్‌తో సగటు పోలిక, ఏఎన్ఐ అంటారు, 95, 96 శాతం కంటే తక్కువ రావాలి, డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్, అదే పోలికకి ఇంకో లెక్క, 70 కంటే తక్కువ రావాలి. ఆ తర్వాత అది ఏం తింటుంది, ఏం వదులుతుంది: ఏ చక్కెరలు పులియబెడుతుంది, పైత్యరసంలో బతుకుతుందా, స్పోర్లు, అంటే గట్టి పెంకు ఉన్న విత్తనాల్లాంటివి, చేస్తుందా, గ్యాస్ క్రొమటోగ్రఫీలో ఏ యాసిడ్లు వస్తున్నాయి, కణంలో కొవ్వు ఆమ్లాలు ఏంటి, ఇవన్నీ దగ్గరి చుట్టాన్ని తెప్పించి పక్కన పెట్టి ఒకే మీడియంలో ఒకేసారి చెయ్యాలి. పేపర్లో వాళ్ళు రాసిన దాంతో పోల్చి టేబుల్ వేసేస్తే రివ్యూయర్ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

చివరిది, అందరూ తేలిగ్గా తీసుకునేది: ఆ స్ట్రెయిన్‌ని రెండు వేరు వేరు దేశాల్లో ఉన్న రెండు కల్చర్ కలెక్షన్లలో, అంటే బతికున్న బ్యాక్టీరియాని భద్రపరిచే కేంద్రాల్లో, దాచాలి, ప్రపంచంలో ఎవరు అడిగినా వాళ్ళకి ఇవ్వగలిగేలా. అది లేకుండా పేరు చెల్లదు. మన దగ్గర చండీగఢ్‌లో ఎమ్‌టీసీసీ, పుణేలో ఎన్‌సీఎమ్ఆర్ ఉన్నాయి, బయట జర్మనీ డీఎస్ఎమ్‌జెడ్, జపాన్ జేసీఎమ్ ఉన్నాయి. మన బ్యాక్టీరియా దేశం దాటాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి సంగతి మీ గైడ్‌తో ఇప్పుడే మాట్లాడు, కాగితాలకి నీ ప్రయోగాలకి పట్టినంత టైమ్ పడుతుంది. ఆ తర్వాత ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సిస్టమాటిక్ అండ్ ఎవల్యూషనరీ మైక్రోబయాలజీలో అచ్చవ్వాలి, లేదా వేరే చోట అచ్చయితే దాని ధ్రువీకరణ లిస్టులో ఎక్కాలి.

నాయనమ్మ పేరు అన్నావ్. సొంత పేరు పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాద కాదు, నాయనమ్మ పేరు వద్దని రూలేం లేదు కానీ మామూలుగా ఆ రంగానికి సేవ చేసినవాళ్ళ పేరో, ఊరి పేరో, అది దొరికిన చోటో పెడతారు. ఆ కోడి మీ నాయనమ్మ పెంచినదే అయితే ఆ ఊరి పేరు పెట్టు, ఆవిడకి అదే ఎక్కువ ఆనందం.

ప్రశ్న: ఇవన్నీ చదివాక చికెన్ వండాలంటే భయంగా ఉంది. ఆ గాలి లేని బ్యాక్టీరియా మాకు కూడా వస్తాయా? (ఒక గృహిణి, వరంగల్)

జవాబు: సీకాలో ఉండే ఆ సున్నితమైనవి గాలి తగలగానే పోతాయి, వాటి గురించి మీరు ఆలోచించనే అక్కర్లేదమ్మా. చూసుకోవాల్సింది మనకి విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాని, కోసేటప్పుడు పేగు తెగితే అవి మాంసానికి అంటుతాయి. కూర బాగా ఉడికితే ఈ రెండూ మిగలవు. నాకు కనిపించే తప్పు ఒక్కటే, పంపు కింద చికెన్ ధారగా కడుగుతుంటే ఆ తుంపరలు పక్కనున్న టమాటాలు, కొత్తిమీర మీద పడతాయి, పచ్చి చికెన్ కోసిన కత్తితోనే ఉల్లిపాయలు కోసి పెరుగు చట్నీలో వేస్తారు. గిన్నెలో నీళ్ళు పోసి కడగండి, కత్తి, పీట, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు మాస్టారిని. వీటికి ఈ లాటిన్ పేర్లు ఎందుకు, పెట్టిన పేరు మళ్ళీ ఎందుకు మారుస్తారు? మా మనవడి పుస్తకంలో ఒక పేరు, ఇంటర్నెట్‌లో ఒక పేరు ఉంది. (ఖమ్మం)

జవాబు: మాస్టారూ, నమస్కారం. లాటిన్ ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి అందరికీ సమానం, అందులోనూ విభక్తులు ఉన్నాయి, మీకు నచ్చుతుంది. జపాన్ వాళ్ళు కోడి సీకా నుంచి మూడు కొత్త జాతులు పెంచి 2006లో ప్రకటించారు: బ్యాక్టీరాయిడ్స్ బార్నెసియే, బ్యాక్టీరాయిడ్స్ సలానిట్రోనిస్, బ్యాక్టీరాయిడ్స్ గల్లినారమ్. మూడోది ‘కోళ్ళ యొక్క’ అని, షష్ఠీ బహువచనం. మొదటిది ఎల్లా బార్నెస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు మీద, స్త్రీ కాబట్టి చివర ‘యే’ వచ్చింది, రెండోది జోసెఫ్ సలానిట్రో అనే అమెరికన్ పేరు మీద. ఆ ఇద్దరూ సీక్వెన్సింగ్ మెషీన్లు లేని రోజుల్లో కోడి పేగులోని ఈ గాలి పడని వాటిని ఒక్కొక్కటీ పెంచి, లెక్కపెట్టి, గుణాలు రాసిపెట్టినవాళ్ళు. బార్నెస్ గారి పని గురించి చదివినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది, ఇవాళ మాకున్న సగం ప్రశ్నలు ఆవిడ అప్పుడే అడిగేశారు.

తర్వాత జీనోములు చదివితే మొదటి రెండూ నిజానికి బ్యాక్టీరాయిడ్స్ ఇంటివి కావని తేలింది, 2019లో వాటిని ఫోసైకోలా అనే జీనస్‌లోకి మార్చారు. ఇప్పుడు వాటి పేర్లు ఫోసైకోలా బార్నెసియే, ఫోసైకోలా సలానిట్రోనిస్, గల్లినారమ్ మాత్రం పాత ఇంట్లోనే ఉంది. చూడండి, ఇంటిపేరు మారింది గానీ పెట్టిన పేరు పోలేదు, ఎల్లా బార్నెస్ అక్కడే ఉన్నారు. మీ మనవడి పుస్తకం అచ్చయిన ఏడాది చూస్తే తేడా ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

పెంచకుండా డీఎన్ఏతోనే గుర్తించిన వాటికి పేరు ముందు ‘క్యాండిడేటస్’ అని తగిలిస్తారు, అంటే ఇంకా అభ్యర్థి అని. 2021లో ఇంగ్లండ్ నార్విచ్‌లోని క్వాడ్రమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మరికొందరితో కలిసి కోళ్ళ రెట్టలో డీఎన్ఏ చదివి వందల కొద్దీ కొత్త జాతులని బయటికి తీశారు, వాటిలో చాలావరకు ఇలాంటి పేర్లే. గొప్ప పని అది, కాదనను, కానీ నా మనసు ఎప్పుడూ ట్యూబులో పెరిగిన దాని వైపే ఉంటుంది, బతికున్న దాన్ని ఇంకో కోడిపిల్లకి ఇచ్చి ఏమవుతుందో చూడొచ్చు, కాగితం మీది సీక్వెన్స్‌తో ఆ పని అవ్వదు.

ప్రశ్న: మా అత్తగారు ఇంక్యుబేటర్ పిల్లల్ని తెస్తే పెద్ద కోడి తిరిగిన చోటి లిట్టర్ (రెట్ట కలిసిన ఊక) కొంచెం తెచ్చి బ్రూడర్‌లో (పిల్లలకి వేడి ఇచ్చే గూడులో) చల్లుతారు, అలా చేస్తే పిల్లలు గట్టిగా ఉంటాయంటారు. ఇది మూఢనమ్మకమా? (పెరటి కోళ్ళు పెంచే ఒకావిడ, సిద్దిపేట)

జవాబు: మూఢనమ్మకం అని మాత్రం అనొద్దమ్మా, మీ అత్తగారు చూసి నేర్చుకున్నదే అది. తల్లికోడి కింద పొదిగిన పిల్ల మొదటి రోజే తల్లి వెనక తిరుగుతూ అది గీకిన చోట గీకి, రెట్ట కలిసిన మట్టిలో ముక్కు పెట్టి, పేగు నిండా మంచి బ్యాక్టీరియాని తెచ్చుకుంటుంది. ఇంక్యుబేటర్ పిల్లకి తల్లి లేదు, దాని సీకా ఖాళీ ఇల్లు, ముందు ఎవరొస్తే వాళ్ళదే.

ఫిన్లాండ్‌లో 1971లో బ్రాయిలర్ కోళ్ళలో సాల్మొనెల్లా ఇన్‌ఫాంటిస్ బాగా వ్యాపించింది. అప్పుడు ఎస్కో నుర్మి, రాంటలా అనే ఇద్దరు పెద్ద కోళ్ళ పేగులో పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకి ఇచ్చి, తర్వాత సాల్మొనెల్లా ఇచ్చి చూశారు, ఇవ్వని పిల్లల్లో అది తేలిగ్గా కాపురం పెట్టింది, ఇచ్చిన పిల్లల్లో చాలావాటిలో నిలవలేకపోయింది. 1973లో నేచర్ పత్రికలో రాశారు. మీ అత్తగారు చేసేదీ ఆ ఆలోచనే.

కానీ మీరు చెయ్యొద్దనే చెప్తా. ఆ లిట్టర్‌లో మంచివాటితో పాటు కాక్సీడియా, నులిపురుగుల గుడ్లు, ఆ పెద్ద కోడికి ఉంటే సాల్మొనెల్లా కూడా వస్తాయి, పెద్ద కోడి తట్టుకుంటుంది, రెండు రోజుల పిల్ల తట్టుకోదు. ఈ చిక్కు వల్లే, లోపల ఎవరెవరు ఉన్నారో తెలియని మిశ్రమానికి అనుమతి ఇవ్వడానికి కొన్ని దేశాలు వెనకాడాయి. అమెరికాలో 1998లో ఒక మందుకి అనుమతి వచ్చింది, అందులో కోడి సీకా నుంచి పెంచిన 29 రకాల బ్యాక్టీరియా ఉన్నాయి, ప్రతి ఒక్కదాన్నీ గుర్తించాకే. పైన తిరుపతి అమ్మాయికి అంత పొడుగు జవాబు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైందా? ఆ అమ్మాయి ట్యూబులో ఉన్నది ఎవరో తేలితేనే రేపు దాన్ని ధైర్యంగా మీ కోడిపిల్ల నోట్లో వెయ్యగలం.

అప్పటిదాకా కొన్న పిల్లలకి శుభ్రమైన నీళ్ళు, పొడి ఊక, సరిపడా వేడి చూసుకోండి, ఏదైనా ప్రోబయోటిక్ వాడాలంటే మీ పశువైద్యుణ్ణి అడిగి వాడండి. ఇంట్లో పొదిగే పెట్ట ఉంటే మాత్రం దాని పిల్లల్ని విడదీసి బ్రూడర్‌లో పెట్టకండి, ఆ గంప కిందే తల్లితో ఉండనివ్వండి.